పామాయిల్ తోటలో ఊడిన కేబుల్

"మా ప్రింటర్ ఏది ముద్రించినా ఎర్రగానే వస్తోంది," అంది కౌంటర్ ముందు నిలబడ్డ పెద్దావిడ.

జయప్రకాశ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

కల్లూరు సెంటర్లో 'యశోద కంప్యూటర్స్' తెలియనివాళ్ళు లేరు. చిన్న సందులో చిన్న షాపు. బోర్డు మీద పోయిన భార్య పేరు, బల్ల కింద పాత మానిటర్లు, కుర్చీలో అరవైకి దగ్గరపడుతున్న మెత్తటి మనిషి. ఆ మనిషి జీతం ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసు నుంచి వస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

"నల్ల ఇంకు మధిరలో దొరుకుతుందండీ," అన్నాడు.

"మధిర బస్సు వెళ్ళిపోయింది."

"అయితే లోపలికి రండి."

కోడ్ సరిపోయింది. పద్మావతమ్మ లోపలి గదిలోకి వచ్చి, తడిసిన గొడుగు మూలన పెట్టి, సంచిలోంచి పనిచేయని యూపీఎస్ తీసి బల్ల మీద పెట్టింది. చూసేవాళ్ళకు ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. నిజానికి అతని గూఢచారి విభాగంలో ఈ ప్రాంతానికి చీఫ్.

"సత్తుపల్లి దాటాక, అడవి అంచున ఒక పామాయిల్ తోట. తోట మధ్యలో బంగళా. కిరాయికి దిగింది మాన్‌సూన్ గ్యాంగ్," అంది. "నాయకుడు విక్టర్. పాస్‌పోర్టుకొక దేశం వాడిది. ఇవాళ ఏదో పెద్ద దెబ్బ కొట్టబోతున్నారు. ఏమిటో, ఎక్కడో మనకు తెలియదు."

"నన్నెందుకు రానిస్తారు?"

"వాళ్ళ ఇంజనీరు వానలకు వాగు అవతల ఇరుక్కున్నాడు. బంగళాలో ఏదో సిస్టం ఎక్కించలేక అవస్థ పడుతున్నారు. మెకానిక్ కోసం వెతుకుతున్నారు. సత్తుపల్లిలో ఉన్న ఇద్దరు మెకానిక్కులకూ నిన్నే వేరే ఊళ్ళో పెద్ద ఆర్డర్లు ఇప్పించాం. ఇంక మిగిలింది నువ్వే."

"దొరికిన సమాచారం పంపేదెట్లా మేడం? గేటు దగ్గరే ఫోన్ గుంజుకుంటరు."

"ఇన్‌స్టాలర్ మధ్యలో ప్రాక్సీ అడ్రస్ అడుగుతుందిగా. అక్కడ మన అడ్రస్ కొట్టు. నెట్ మన తలుపులోంచి వెళుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర నువ్వు ఏం రాస్తే అది మా స్క్రీన్ మీద పడుతుంది." ఆవిడ ఒక వాచీ, ఒక పెన్ను ముందుకు జరిపింది. "వాచీలో ట్రాన్స్‌మిటర్. పెన్నులో కెమెరా."

"లోపల మనవాళ్ళెవరన్నా ఉన్నరా?"

"మన విభాగం వాళ్ళు లేరు," అంది పద్మావతమ్మ.

బయట షాపు ముందు తోటవాళ్ళ జీపు ఆగి హారన్ కొట్టింది. ఆవిడ యూపీఎస్ అక్కడే వదిలేసి, గొడుగు తీసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

*

కల్వర్టు మీద నీళ్ళు మోకాలి లోతున పారుతున్నాయి. జీపును అక్కడే ఆపేసి, ట్రాక్టర్ మీద వాగు దాటించారు. అవతలి గట్టు ఎక్కి వెనక్కి చూసేసరికి, ఎర్రటి నీళ్ళు ట్రాక్టర్ వచ్చిన దారిని మింగేశాయి. ఇక ముందుకే తప్ప వెనక్కి దారి లేదు.

బంగళా గేటు దగ్గర తుపాకీ పట్టుకుని ఉన్నవాడి పేరు లాలు. ఇల్లెందు వైపు నుంచి జీతానికి వచ్చిన కాపలాదారు. ఫోను, వాచీ, పెన్ను, బెల్టు, ఆఖరికి కళ్ళజోడు పెట్టె కూడా తీసుకుని ఖాళీ బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాడు.

"కళ్ళజోడు ఉంచుకో సార్," అన్నాడు. "అది లేకుంటే నీకేం కనపడతది."

ట్రాన్స్‌మిటరూ కెమెరా బియ్యం డబ్బాలోకి పోయాయి. కళ్ళజోడు మిగిలింది. జయప్రకాశ్ దానికే సంతోషించాడు.

గదికి ఒక్క తలుపు, ఒక్క కిటికీ. కిటికీకి లావుపాటి ఇనుప చువ్వలు. అవతల వరసలు వరసలుగా పామాయిల్ చెట్లు. ఎటు చూసినా ఒకేలా ఉండి, మనిషికి దిక్కు తోచనివ్వని తోట. అతను లోపలికి రాగానే వెనక గొళ్ళెం పడింది. మూలన సెల్‌ఫోన్ సిగ్నళ్ళను ఆపే జామర్ సన్నగా రొద చేస్తోంది. బల్ల మీద నల్లటి లాప్‌టాప్. దాని వెనక విక్టర్, పాలిపోయిన ముఖం, ఇస్త్రీ చెదరని చొక్కా.

అతని పక్కన నిలబడ్డ ఆమెను చూసి జయప్రకాశ్ ఒక్క క్షణం తడబడ్డాడు. నెమలికంఠం రంగు చీర, తల మీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు, మొగలిపూల అత్తరు. ఈ బురదలో, ఈ వానలో, ఆమె పాదాలకు ఒక్క మరక లేదు.

"నా పేరు ప్రసూన. సార్‌కు తెలుగు రాదు. ఏమన్నా ఉంటే నాతో చెప్పండి," అంది. సత్తుపల్లి వైపు మాట.

విక్టర్ ఇంగ్లిష్‌లో గబగబా చెప్పాడు. ప్రసూన తెలుగులో అందించింది. ఈ లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టాలి. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. పని కాగానే లోపలిదాన్ని డిలీట్ చేస్తే ఏ ఆనవాలూ మిగలదు. అందులో ఎక్కించే ఆపరేటింగ్ సిస్టం చిన్న ఫైలు. మిగతా సరుకంతా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కప్పు మీద డిష్ ఉంది, లాప్‌టాప్‌కు నెట్ వస్తోంది. లోపలి మెషీన్‌కు మాత్రం రావడం లేదు.

"మూడింటి లోపల రావాలంటున్నారు," అంది ప్రసూన.

"రాకుంటే?"

ఆమె ఆ మాట విక్టర్‌కు చెప్పనేలేదు. "రాకపోతే మీరు ఇంటికి వెళ్ళరు," అంది మామూలుగా.

*

ఇన్‌స్టాలర్ నీలం తెర మీద ఎర్రటి పెట్టె. నెట్‌వర్క్ దానంతట అది కుదరలేదని, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ జవాబివ్వలేదని సందేశం. లోపలి మెషీన్ 'నాకొక అడ్రస్ ఇవ్వండి' అని కేకేస్తోంది, పలికేవాళ్ళు లేరు.

జయప్రకాశ్ మెషీన్ సెట్టింగులు తెరిచాడు. నెట్‌వర్క్ అడాప్టర్ ఉంది. మోడ్ దగ్గర 'నాట్ (NAT)' అని ఉంది. అదే సరైనది, లోపలి కంప్యూటర్ ఇంటి యజమాని అయిన లాప్‌టాప్ పేరు మీద బయటికి వెళ్ళి వస్తుంది. మరింకేమిటి? అడ్వాన్స్‌డ్ అన్న బాణం నొక్కాడు. అడుగున ఒక చిన్న గడి. 'కేబుల్ కనెక్టెడ్.' దానికి టిక్ లేదు.

కొత్త మెషీన్ తయారుచేస్తే ఆ టిక్ దానంతట అదే వస్తుంది. దానంతట అది పోదు. ఎవరో పనిగట్టుకుని ఇక్కడిదాకా వచ్చి తీసేస్తేనే పోతుంది. ప్లగ్గు గోడకే ఉన్నట్టు కనిపిస్తూ, లోపల వైరు ఊడదీసినట్టు.

టిక్ పెట్టాడు. విక్టర్ అతని భుజం మీదుగా వంగి ఏమైందని అడిగాడు.

ఎవరు చేశారో తెలిసేదాకా ఏం జరిగిందో చెప్పకూడదన్నది జయప్రకాశ్ పాత అలవాటు. "చెమ్మ సార్," అన్నాడు. "వానాకాలం. పోర్టు పట్టు తప్పింది."

ప్రసూన తర్జుమా చేసింది. చేస్తూ అతన్ని ఒకసారి చూసింది.

అడ్రస్ దొరికింది. ఇన్‌స్టాల్ ఎంతయిందో చూపే పట్టీ ముందుకు నడిచింది. ఇక ప్రాక్సీ గడి రాబోతుందనగా విక్టర్ జేబులో శాటిలైట్ ఫోన్ మోగింది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. పల్లెటూరి మెకానిక్‌కు ఇంత ఇంగ్లిష్ ఎక్కడ తెలుస్తుందిలే అన్న ధీమా అతని గొంతులోనే ఉంది.

జయప్రకాశ్ తల వంచుకుని మౌస్ తుడుస్తూ విన్నాడు.

నాగులవాగు ప్రాజెక్టు నిండింది. నాలుగింటికి గేట్లు ఎత్తుతారు. ఎత్తేముందు సైరన్ మోగుతుంది. కింద ఉన్న తండాల వాళ్ళు ఆ కూత విని గుట్ట ఎక్కుతారు. లోపలి మెషీన్‌లోంచి ఒక్క ఆదేశం వెళితే సైరన్ మూగబోతుంది. ప్రాజెక్టు ఆఫీసు తెర మీద మాత్రం మోగినట్టే కనిపిస్తుంది. ఆదేశం వెళ్ళడమే, జవాబు కోసం ఆగదు, కాబట్టి ఆచూకీ దొరకదు. ఇది కొనేవాళ్ళకు చూపించే డెమో మాత్రమే. నచ్చితే పెద్ద ఆనకట్టల కోసం బేరం.

డెమో అంటే ఇన్నాళ్ళూ అతనికి కుక్కరో మిక్సీయో గుర్తొచ్చేది.

విక్టర్ మాట ఆపి, తలుపు వైపు వేలు చూపించాడు. ప్రసూన అంది, "సార్ మాట్లాడే పని ఉంది. మీరు కాసేపు బయట కూర్చోండి. లాలూ, తీసుకెళ్ళు."

*

వెనక వరండాకు కూడా చువ్వలే. వంటమనిషి హేమ్లి గ్లాసు నిండా టీ తెచ్చి చేతిలో పెట్టింది. అల్లం దంచి వేసింది. అతను ఆ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"గీ కిందనే సారూ. వాగొడ్డు తండా. మా పూలి కాన్పుకొచ్చి ఉన్నది. పాప పుట్టింది. నన్నేమో వీళ్ళు పొద్దుటి సంది పోనిస్తలేరు."

"నీళ్ళొస్తే భయం లేదా?"

"ఏటా వచ్చేవే కదా. సైరన్ కూస్తది, అందరం గుట్టెక్కుతం. మా అల్లుడు బాలింతను మంచంతోని లేపుకపోతడు." ఆమె నవ్వింది. "కూసేదాంక లేవదు అది. బద్ధకం పిల్ల."

లాలు గోడకు ఆనుకుని బీడీ వెలిగించాడు. "ఈ వానల మా హాతీరాం గాడి సంగతి సూడు సార్. సైరన్ స్తంభం కాడ కూసున్నడు, కటింగ్ ప్లేర్ వట్టుకొని."

"ఎందుకట?"

"నెట్ రాకుంటే మూడింటికి దొర ఫోన్ జేస్తడట. అప్పుడు వైరు కొయ్యాలట. రిపేరంట. ఏం రిపేరో ఏందో, మాకెరుకనా."

జయప్రకాశ్ గ్లాసు దించాడు.

ఇప్పటిదాకా అతనొక ధైర్యంతో ఉన్నాడు. నెట్ కుదర్చకుండా సాగదీస్తే చాలు, ఇవాళ్టికి గండం తప్పుతుందని. తప్పదు. నెట్ వస్తే ఆదేశం వెళుతుంది. రాకపోతే వైరు తెగుతుంది. ఎటు తిరిగినా సైరన్ కూయదు. హేమ్లితో చెబుదామా? గేటుకు తాళం, చుట్టూ నీళ్ళు, లాలు చేతిలో తుపాకీ. చెబితే ఆ తల్లి కేక పెడుతుంది; విక్టర్ మూడింటిదాకా కూడా ఆగడు.

చువ్వల గది, దాని చుట్టూ తోట, తోట చుట్టూ నీళ్ళు. కంప్యూటర్ లోపల కంప్యూటర్‌లా ఉంది తన పరిస్థితి.

"తాగు సారూ, చల్లారుతది," అంది హేమ్లి.

తాగాడు.

*

తిరిగి వచ్చేసరికి మళ్ళీ ఎర్రటి పెట్టె. ఈసారి కేబుల్ టిక్ అలాగే ఉంది. మోడ్ మాత్రం నాట్ నుంచి బ్రిడ్జ్‌డ్‌కు మారింది. అంటే లోపలి మెషీన్‌కు వీధిలోకి సొంత గుమ్మం. ఆ గుమ్మాన్ని లాప్‌టాప్‌లో ఏ వైరూ పెట్టని పాత లాన్ పోర్టుకు తెరిచి పెట్టారు. వీధే లేని గుమ్మం.

"కరెంటు పోయి వచ్చింది సార్, సెట్టింగ్ తిరగబడ్డది," అని విక్టర్‌కు చెప్పి సరిచేశాడు.

మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. అడ్రస్ ఉంది, నెట్ ఉంది, కానీ సరుకు ఇచ్చే సర్వర్ దగ్గర పేచీ. ఆ సర్వర్ చూపిస్తున్న సంతకం ఇంకా రాని రోజుదట. తేదీ చూశాడు. లాప్‌టాప్ గడియారాన్ని ఎవరో కొన్నేళ్ళు వెనక్కి తిప్పారు. లోపలి మెషీన్ అదే నమ్మి, ఇవాళ్టి సర్వర్‌ను దొంగ అనుకుంటోంది.

ఒకటైతే పొరపాటు. రెండైతే దురదృష్టం. మూడోది మనిషి చేసిన పని.

మౌస్ మీద చెయ్యి వేసినప్పుడు వాసన తగిలింది. మొగలిపూలు.

అతను తల ఎత్తలేదు. గడియారం సరిచేశాడు. "బ్యాటరీ అరిగింది సార్," అన్నాడు. విక్టర్ విసుగ్గా వాచీ చూసుకుని ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. హాతీరాంకు చేయబోయే ఫోన్. మూడు కావస్తోంది.

ఇన్‌స్టాలర్ ముందుకు నడిచి ఒక తెల్లటి గడి దగ్గర ఆగింది. ప్రాక్సీ ఉంటే చెప్పండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి అంటోంది. జయప్రకాశ్ వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి.

డొక్కలో ఏదో చల్లగా తగిలింది. చీర కొంగు చాటున చిన్న పిస్తోలు.

"ఎంటర్ కొడితే కాల్చేస్తాను," అంది ప్రసూన. గొంతు కాఫీ కావాలా అన్నట్టు ఉంది.

విక్టర్ ఏమిటని అడిగాడు. "కాఫీ తాగుతారా అని అడుగుతున్నాను," అంది ఇంగ్లిష్‌లో.

"తాగుతనమ్మా," అన్నాడు జయప్రకాశ్. "కొంచెం చక్కెర ఎక్కువ. మీరు ఎవరి తరఫున?"

"మీకు అనవసరం. డబ్బు కోసం తండాలను ముంచే మెకానిక్‌తో నాకు మాటలేంటి."

"కేబుల్ టిక్ తీసింది మీరే."

పిస్తోలు ఇంకొంచెం గుచ్చుకుంది.

"గడియారం తిప్పింది మీరే. లాన్ పోర్టుకు మార్చింది మీరే. మూడుసార్లూ నాకు తెలిసింది మేడం. వీనికి నేనేం చెప్పిన? చెమ్మ అన్న. కరెంటు అన్న. బ్యాటరీ అన్న. డబ్బు కోసం వచ్చినోణ్ణైతే మొదటిసారే చెప్పి ఇంకో వెయ్యి అడుగుదును."

ఆ మూడు అబద్ధాలనూ విక్టర్‌కు ఇంగ్లిష్‌లో అందించింది ఆమే. నిజం ఆమెకు తెలుసు కాబట్టి, అవి అబద్ధాలని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. ఇతను మెకానిక్‌గా ఎందుకూ పనికిరాడనుకుంది తప్ప, తనను కాపాడుతున్నాడని అనుకోలేదు.

"అయితే నెట్ ఎందుకు తెస్తున్నారు? రాకపోతే ఆగిపోతుందిగా."

"ఆగదు." అతను గొంతు తగ్గించాడు. "సైరన్ స్తంభం దగ్గర ఒక మనిషి ప్లేర్‌తో కూర్చున్నడు. ఆ బల్ల మీది ఫోన్ వాని కోసమే. లాలు చెప్పిండు. మీకు తెలియదా?"

తెలియదు. ఆమె ముఖంలో మొదటిసారి రంగు మారింది. పొద్దుటి నుంచి తను ఒక్కో వైరూ ఊడదీస్తూ తండాను కాపాడుతున్నాననుకుంది. నిజానికి ఆ ప్లేర్ పట్టుకున్న చేతికే పని కల్పిస్తోంది.

"ఏ విభాగం?" అంది నెమ్మదిగా.

"చెప్పకూడదు. మీది?"

"చెప్పకూడదు."

విక్టర్ ఫోన్ మీద చెయ్యి వేశాడు. ఇంత సేపు ఏం కాఫీ అన్నాడు.

"ఏం చేద్దామంటారు?" అంది ఆమె, నవ్వుముఖంతో.

"వానికి నెట్ వచ్చినట్టు కనపడాలె. లేకుంటే ఫోన్ జేస్తడు. కానీ నెట్ ఉండగూడదు. లేకుంటే సైరన్ ఆగుతది."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"కుదురుతయి. ఇన్‌స్టాల్ అయ్యేదాంక అసలు నెట్. నా వాళ్ళకు కబురు పోతది. అయినంక మెషీన్ మళ్ళీ లేస్తది కదా, ఆ సందులో వీణ్ణి మీరు కాసేపు అటు తిప్పండి."

డొక్కలోంచి చల్లదనం పోయింది. ప్రసూన తెరకూ విక్టర్‌కూ మధ్యకు జరిగింది.

అతను ప్రాక్సీ గడిలో అడ్రస్ కొట్టాడు. దాని ముందు యూజర్‌నేమ్, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, సైరన్‌ఫోర్‌పీఎం. పాస్‌వర్డ్, నాగులవాగు. ఎంటర్ నొక్కాడు. పట్టీ కదిలింది. ఈసారి ఆగలేదు. ఒక్కో ప్యాకేజీ దిగుతూ వచ్చింది, ప్రతిదీ పద్మావతమ్మ తలుపులోంచే.

విక్టర్ ఫోన్ మీద నుంచి చెయ్యి తీశాడు. మూడయింది.

*

ఇన్‌స్టాల్ పూర్తయింది. మెషీన్‌ను ఆపి మళ్ళీ లేపాలి. ప్రసూన కిటికీ దగ్గరికి వెళ్ళి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తోటలో ఏదో కదిలిందని అంది. విక్టర్ ఒక్క గంతులో చువ్వల దగ్గరున్నాడు.

జయప్రకాశ్ సెట్టింగులు తెరిచాడు. మోడ్ దగ్గర జాబితా కిందికి దిగింది. నాట్. బ్రిడ్జ్‌డ్. వాటి కింద హోస్ట్ ఓన్లీ.

హోస్ట్ ఓన్లీ అంటే లోపలి గదికీ హాలుకూ మధ్య తలుపు. అంతే. వీధి తలుపు ఉండదు. లోపలి మెషీన్‌కు అడ్రస్ దొరుకుతుంది, పచ్చటి గుర్తు వస్తుంది, 'కనెక్టెడ్' అని రాసి ఉంటుంది. కానీ అది మాట్లాడేది తనను మోస్తున్న లాప్‌టాప్‌తోనే. పంపిన ఉత్తరం ఇంటి గుమ్మం దాటదు.

నొక్కాడు. సెట్టింగులు మూసి మెషీన్ లేపాడు.

"తోటలో ఏం లేదు. అడవి పంది," అంది ప్రసూన.

విక్టర్ వచ్చి కూర్చున్నాడు. మూలన పచ్చటి గుర్తు చూశాడు. వేలితో దాన్ని చూపించి, బాగుంది అన్నట్టు తల ఊపాడు. పెన్‌డ్రైవ్ పెట్టి తన ప్రోగ్రాం ఎక్కించుకున్నాడు. అతనికి పరీక్షించాలన్న ఆలోచన వస్తే అంతా అయిపోయేది. ఒక వెబ్‌సైట్ తెరిచి చూసినా చాలు.

అదృష్టం, పచ్చ రంగును నమ్మే మనిషి అతను.

నాలుగింటికి ముందు బటన్ నొక్కాడు. తెర మీద 'సెంట్' అని వచ్చింది. జవాబు కోసం ఆగే ప్రోగ్రాం కాదు. విక్టర్ కుర్చీలో వెనక్కి వాలి, శాటిలైట్ ఫోన్‌లో కొనేవాళ్ళకు చెప్పాడు. అయిపోయింది, వినండి, ఏమీ వినపడదు, అదే మా సరుకు. ఫోన్ స్పీకర్ మీద పెట్టి కిటికీ వైపు చాపాడు.

వాన ఆగింది. పామాయిల్ మట్టల మీంచి బొట్లు పడుతున్న చప్పుడు. జామర్ రొద. వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు.

ఏమీ వినపడలేదు. ఇంకా వినపడలేదు. ప్రసూన వేళ్ళు కొంగు చాటుకు వెళ్ళాయి. ఎక్కడన్నా తను పొరబడ్డాడా? హాతీరాం ఫోన్ కోసం ఆగకుండా కోసేశాడా? జయప్రకాశ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకేం చేయాలో తోచక.

అప్పుడు చెట్ల అవతల నుంచి, ముందు సన్నగా, తర్వాత లావుగా, సైరన్ లేచింది. తోట నిండా పరుచుకుంది. శాటిలైట్ ఫోన్‌లోంచి కొనేవాళ్ళకు కూడా స్పష్టంగా వినిపించింది. అటువైపు ఎవరో ఏదో అడిగి, లైను పెట్టేశారు.

"గేట్లు లేపుతున్నరు," అంది వంటింట్లోంచి హేమ్లి, తనలో తను. "లేవే పూలీ, లే."

విక్టర్ తెర మీది పచ్చటి గుర్తునే చూస్తున్నాడు. కనెక్టెడ్ అంటోంది కదా అన్నాడు.

"కనెక్టెడే సార్," అన్నాడు జయప్రకాశ్ మొదటిసారి ఇంగ్లిష్‌లో, చక్కటి ఇంగ్లిష్‌లో. "ఈ లాప్‌టాప్ వరకు."

విక్టర్ ఫోన్ అందుకోబోయాడు. ప్రసూన పిస్తోలు అప్పటికే అతని చెవి దగ్గర ఉంది. తలుపు తోసుకుని లాలు లోపలికి వచ్చాడు, తుపాకీ ఎత్తి.

"దించు లాలూ," అంది ప్రసూన. "హాతీరాం చేత కోయించాలనుకున్నది ఈ సైరన్‌నే. కోసి ఉంటే హేమ్లి బిడ్డ కాసేపట్లో నీళ్ళలో ఉండేది."

లాలు సైరన్ విన్నాడు. వంటింటి వైపు చూశాడు. పొద్దుటి నుంచి హేమ్లి చేతి అన్నమే తింటున్నాడు. తుపాకీని గోడకు ఆనించి, "రిపేరని చెప్పిండ్రు," అన్నాడు. అని పోయి గేటు తాళాలు తెచ్చాడు.

*

పద్మావతమ్మ ట్రాక్టర్ ట్రాలీలో వచ్చింది, తలమీద తార్పాలిన్ కప్పుకుని, పక్కన తడిసిన పోలీసులతో. యూజర్‌నేమ్ చూడగానే బయలుదేరిందట; వాగు కాసేపు ఆపిందట. దారిలో స్తంభం దగ్గర హాతీరాంను కూడా ఎక్కించుకుని వచ్చింది. అతను ఇంకా ఫోన్ కోసమే చూస్తున్నాడు. ప్లేర్ తిరిగి ఎవరికి ఇవ్వాలని అడిగాడు.

హేమ్లి ఎవరి అనుమతీ అడగలేదు. తెరిచిన గేటులోంచి చీర ఎత్తిపట్టుకుని గుట్ట దారి పట్టింది. జయప్రకాశ్ ఆమె కనిపించినంత సేపూ చూశాడు. గుట్ట మీద చిన్న చిన్న మనుషులు, వాళ్ళ మధ్య ఎత్తి మోస్తున్న ఒక మంచం. కళ్ళజోడు ఉన్నందుకు మరోసారి సంతోషించాడు.

విక్టర్‌ను ట్రాలీలో కూర్చోబెట్టారు. ప్రసూన అతని పక్కన ఎక్కింది. చీర అంచుకు ఇప్పుడు బురద అంటింది.

"ఈవిడ ఎవరు?" అంది పద్మావతమ్మ.

"నేను నెట్ కలుపుతుంటే పొద్దుటి నుంచి ఊడదీసిన మనిషి మేడం. మనవాళ్ళే. ఇంకో విభాగం."

పద్మావతమ్మ తలమీది తార్పాలిన్ తీసేసింది. "ఒకే బంగళాకు రెండు విభాగాలు ఇద్దరిని పంపి, ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదా?"

"కాల్చబోయిందండీ."

"కాల్చలేదుగా," అంది ప్రసూన. "కాఫీ అడిగాను."

ఆ వారంలోనే ఢిల్లీ నుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఇలాంటి పొరపాటు మళ్ళీ జరగకుండా రెండు విభాగాల మధ్య సమన్వయానికి ఒక కమిటీ వేశారు. అందులో సభ్యులు ఎవరన్నది రెండు విభాగాలకూ చెప్పలేదు.